ఎర్రర్ మెసేజ్ చదవడం ముందు నేర్పండి

మన దగ్గర ప్రోగ్రామింగ్ క్లాసుల్లో లూపులు చెప్తారు, అర్రేలు చెప్తారు, ఓపిక ఉంటే పాయింటర్లూ చెప్తారు. ఎర్రర్ వస్తే దాన్ని ఎలా చదవాలో మాత్రం ఎవరూ చెప్పరు. కొత్తగా నేర్చుకునేవాళ్ల టైమంతా పోయేది మాత్రం అక్కడే.

మా కాలనీ పిల్లలు, చుట్టాల పిల్లలు లాప్‌టాప్ పట్టుకుని వస్తుంటారు. "అన్నా, ఎర్రర్ వస్తోంది." ఏమని వస్తోందిరా అంటే జవాబుండదు. స్క్రీన్ మీదే ఉంటుంది, అయినా చూడరు. వాళ్లని తప్పు పట్టలేను. ల్యాబ్‌లో ఎర్రర్ రాగానే ఎవరో ఒకరు వచ్చి కీబోర్డు లాక్కుని, టకటకా ఏదో కొట్టి, "వచ్చింది, ఔట్‌పుట్ రికార్డులో రాసుకో" అని వెళ్లిపోతే ఆ పిల్లాడికి ఏం అర్థమవుతుంది? ఎర్ర అక్షరాలు కనపడితే ఎవరినైనా పిలవాలన్నదొక్కటే అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. పైథాన్ భాషలో వయసు అడిగి, దానికి ఒకటి కలిపి చూపించే ప్రోగ్రామ్. మూడు లైన్లు కూడా ఉండదు. రన్ చేస్తే టైప్ ఎర్రర్: "కెన్ ఓన్లీ కాన్‌కాటెనేట్ ఎస్‌టీఆర్ (నాట్ ఇంట్) టు ఎస్‌టీఆర్". నిదానంగా చదివితే సంగతంతా అందులోనే ఉంది. ఎస్‌టీఆర్ అంటే స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస; ఇంట్ అంటే పూర్ణాంకం. స్ట్రింగ్ వెనక స్ట్రింగే అతికించగలను, నువ్వు నంబర్ ఇచ్చావు అంటోంది. పైథాన్ 3లో ఇన్‌పుట్ ఫంక్షన్ మనం ఏం టైప్ చేసినా స్ట్రింగ్‌గానే ఇస్తుంది. మనం 20 కొడితే దానికి అది 2, 0 అనే రెండు అక్షరాలు. ఇన్‌పుట్‌ని ఇంట్() లోపల పెడితే సరిపోతుంది.

అదే ప్రోగ్రామ్‌ని కొంచెం మార్చి, రెండు నంబర్లు అడిగి కలపమనండి. 10, 20 ఇస్తే 1020 వస్తుంది. ఈసారి ఎర్రర్ లేదు, ఎర్ర అక్షరం లేదు. రెండూ స్ట్రింగులే కాబట్టి పక్కపక్కన అతికించి ఇచ్చేసింది. నిజంగా భయపడాల్సింది ఇలాంటి వాటికి. ఎర్రర్ ఇచ్చి ఆగిపోయిన ప్రోగ్రామ్ మనకి మేలే చేసింది.

పైథాన్‌లో పది లైన్ల ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ దాకా ప్రోగ్రామ్ ఏ దారిలో వచ్చిందో చెప్పే జాబితా) వస్తే పై నుంచి మొదలుపెట్టకండి. ఏం జరిగిందో చివరి లైన్‌లో ఉంటుంది, ఎక్కడ జరిగిందో దాని పైన ఉంటుంది. పైకి వెళ్తూ మీరు రాసిన ఫైల్ పేరు ఎక్కడ కనపడుతుందో చూడండి, ముందు అక్కడ వెతకండి. సీ భాషలో అయితే తిరగేసి చేయాలి. ముప్ఫై ఎర్రర్లు వస్తే మొదటిది మాత్రమే సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి (అంటే కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్పించండి, ఆ పని చేసేదే కంపైలర్). చాలాసార్లు మిగతావన్నీ దాని వల్ల పుట్టినవే.

లైన్ నంబర్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. 7వ లైన్‌లో సెమికోలన్ మర్చిపోతే 8వ లైన్‌లో తప్పుందని చెప్పే కంపైలర్లున్నాయి. తర్వాతి పదం చదివేదాకా అక్కడ ఏదో తగ్గిందని దానికి తెలీదు మరి. పైథాన్‌లో బ్రాకెట్ మూయకపోయినా ఇదే గోల ఉండేది, ఏ తప్పూ లేని కింది లైన్‌ని చూపించేది. 2021లో వచ్చిన పైథాన్ 3.10 వెర్షన్ నుంచి ఏ బ్రాకెట్ మూయలేదో నేరుగా చెప్తోంది. మెసేజ్ అర్థమయ్యేలా ఉండాలని ఆ భాష తయారుచేసేవాళ్లే అంత కష్టపడుతుంటే, మన ల్యాబుల్లో ఇంకా టర్బో సీ అనే పాత కంపైలర్ నీలం స్క్రీన్ ముందు కూర్చోబెడుతున్నారు. 1990ల నాటి సాఫ్ట్‌వేర్ అది! జీసీసీ అనే సీ కంపైలర్ ఉచితంగానే దొరుకుతుంది కదా. ఇన్‌పుట్ తీసుకునే స్కాన్ఎఫ్‌లో & మర్చిపోతే వార్నింగ్ ఇస్తుంది, ఇఫ్‌లో == బదులు = పెట్టినా ఇస్తుంది. డ్యాష్ డబ్ల్యూఆల్ (-Wall) అనే ఆప్షన్ పెట్టి కంపైల్ చేయాలి, అంతే. వార్నింగే కదా అని వదిలేస్తే ఆ & లేని ప్రోగ్రామ్ రన్‌లో చాలాసార్లు సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (తనది కాని మెమరీని ముట్టుకోబోయి) పడిపోతుంది, అప్పుడు కారణం వెతుక్కోవడం చాలా కష్టం.

ఇప్పుడు కొత్తగా చాట్‌జీపీటీ అలవాటు. ఎర్రర్ కాపీ చేయడం, వచ్చిన కోడ్ పేస్ట్ చేయడం. వాడొద్దని నేననను. "ఈ మెసేజ్‌కి అర్థమేంటి, ఇది ఎందుకొస్తుంది" అని అడగండి, మార్పు మాత్రం మీ చేత్తో చేయండి. అదీ ఒక్కసారికి ఒక్కటే. నాలుగు చోట్ల మార్చి రన్ చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలీదు.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ రాదని ఈ మెసేజులకి జంకుతారు. జంకాల్సిన పనే లేదు. తిరిగి తిరిగి అవే మాటలు: ఎక్స్‌పెక్టెడ్, నాట్ డిఫైన్డ్, అవుట్ ఆఫ్ బౌండ్స్, నల్. జావాలో "ఇండెక్స్ 5 అవుట్ ఆఫ్ బౌండ్స్ ఫర్ లెంగ్త్ 5" అని వస్తే, అర్రేలో ఐదు గళ్లున్నాయి, నంబర్లు 0 నుంచి 4 దాకానే, నువ్వు 5 అడిగావు అని. లూప్‌లో < బదులు <= పెట్టావేమో చూసుకో అని ఒక్కసారి కూర్చోబెట్టి చెప్తే ఏ పిల్లాడూ మర్చిపోడు.

లెక్చరర్లకి నాదొక విన్నపం. ల్యాబ్ ఎగ్జామ్‌లో బట్టీపట్టి వచ్చిన ప్రోగ్రామ్ రాయించడం ఎలాగూ ఉంది. దాంతోపాటు తప్పులున్న ప్రోగ్రామ్ ఒకటి చేతికివ్వండి. వచ్చిన ఎర్రర్ ఏంటో, ఎందుకొచ్చిందో రాసి, సరిచేసి చూపించమనండి. సగం మార్కులు దానికే వేయండి.