అన్ని కేసుల్లోనూ దేవుడే ముద్దాయా?

2022 అక్టోబర్ 30న గుజరాత్ మోర్బీలో మచ్ఛూ నది మీద వేలాడే బ్రిడ్జి తెగిపడి 135 మంది చనిపోయారు, గుర్తుండే ఉంటుంది. రిపేర్లు చేసి తెరిచి వారం కూడా కాలేదు. అరెస్టయిన వాళ్లని కోర్టుకి తీసుకొస్తే బ్రిడ్జి నిర్వహణ చూసే కంపెనీ మేనేజర్ ఒకాయన జడ్జి ముందే అన్న మాట "భగవాన్ కీ ఇచ్ఛా" అని. దేవుడు అలా అనుకున్నాడట, అయిపోయిందట. అదే కోర్టులో ప్రాసిక్యూషన్ వాళ్లేమో కాళ్ల కింద ఫ్లోరింగ్ మాత్రం కొత్తది వేసి తుప్పు పట్టిన కేబుల్‌ని అలాగే వదిలేశారని చెప్తున్నారు. అంతకుముందు 2016 మార్చిలో కోల్‌కతాలో కడుతున్న ఫ్లైఓవర్ కూలి పాతిక మందికి పైగా పోయినప్పుడు కూడా, దాన్ని కట్టేది మన హైదరాబాద్ కంపెనీయే లెండి, వాళ్ల తరఫున మాట్లాడినాయన "యాక్ట్ ఆఫ్ గాడ్" అనేశాడు. 2020లో జీఎస్టీ వసూళ్లు పడిపోతే సాక్షాత్తూ ఆర్థిక మంత్రిగారే అదే మాట వాడారు, సరే అది కరోనా కాబట్టి ఆవిడని ఈ లిస్టులో వేయడం కొంచెం అన్యాయమే అనుకోండి.

దేవుడుంటే లోకంలో ఇంత ఘోరం ఎందుకుంది అని నాస్తికులు అడుగుతారు, ఆస్తికులు జవాబు చెప్తారు, వేల ఏళ్ల నుంచి నడుస్తున్న గొడవే ఇది. నా గొడవ వేరే. ఆ జవాబులు ఎవరికి పనికొస్తున్నాయో చూడండి. పిల్లాణ్ని పోగొట్టుకున్న తల్లికి పనికొస్తున్నాయా, కేబుల్ మార్చని వాడికి పనికొస్తున్నాయా?

పాత సంగతి తెలిసిందే కాబట్టి టూకీగా చెప్పేస్తా. చెడుని ఆపలేకపోతే దేవుడు సర్వశక్తిమంతుడు ఎలా అవుతాడు, ఆపగలిగీ ఆపకపోతే మంచివాడు ఎలా అవుతాడు అని గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్ పేరు మీద ఒక ప్రశ్న తిరుగుతా ఉంటుంది, అది పడమటి దేశాల వాళ్ల తలనొప్పి, మనకి కర్మ సిద్ధాంతం ఉంది కాబట్టి ఆ బాధ లేదు అని మన ప్రవచనకర్తలు చాలా ధీమాగా చెప్తారు. బాధ లేకపోవడం ఏంటండీ, వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయంలో సూటిగా ఇదే ప్రశ్న ఉంది. "వైషమ్య నైర్ఘృణ్యే న సాపేక్షత్వాత్" అని సూత్రం. ఒకణ్ని సుఖంలో ఒకణ్ని నరకంలో పుట్టించాడంటే ఈశ్వరుడికి పక్షపాతం ఉన్నట్టే కదా, దయ లేనట్టే కదా అని ఎవరో నిలదీశారు, నిలదీశారు కాబట్టే జవాబు రాయాల్సొచ్చింది. ఆ జవాబేంటంటే ఆయన ఊరికే ఇవ్వడు, జీవుల కర్మని చూసుకుని ఇస్తాడు. శంకరాచార్యులు దీనికి వాన ఉదాహరణ చెప్పారు, వాన వరి మీదా యవల మీదా ఒకేలా పడుతుంది, మొక్కల్లో తేడా విత్తనాల వల్ల వస్తుంది, తప్పు వానది కాదు అని.

వినడానికి ఎంత బాగుందో. కానీ ఆ విత్తనం మొదట ఎక్కడి నుంచి వచ్చింది? అందరూ సమానంగా మొదలైతే మొదటి తేడా ఎలా వచ్చింది? ఈ అనుమానం కూడా సూత్రకారుడికి వచ్చింది, పక్క సూత్రంలోనే దీనికి సమాధానం ఉంది, సంసారానికి మొదలు లేదు, అనాది అని. అంటే వెనక్కి వెళ్లమంటున్నారు, ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి. ఇది అప్పు తీర్చడం కాదు, వాయిదా వేయడం. మూడేళ్ల పాపకి బ్లడ్ క్యాన్సర్ వస్తే అది ఎప్పుడో చేసిన, తనకి గుర్తులేని, ఎవరూ చూడని, ఏ రికార్డులోనూ లేని నేరానికి శిక్ష అని చెప్పడం ఏ ఊరి న్యాయం? నేరం ఏంటో చెప్పకుండా ఉరి తీసే రాజుని మనం ఏమంటామో తెలుసు, మరి దేవుణ్ని ఆ రాజుని చేసి కూర్చోబెట్టి పైగా భక్తి అంటున్నాం.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గొడవ 1934లో జరిగింది. జనవరి 15 మధ్యాహ్నం బీహార్, నేపాల్‌లో పెద్ద భూకంపం, తీవ్రత 8 దగ్గర, ముంగేర్, ముజఫర్‌పూర్ నేలమట్టం, రెండు వైపులా కలిపి పది వేల మందికి పైనే చనిపోయారు. గాంధీ అప్పుడు హరిజన యాత్రలో ఉన్నాడు, నెల క్రితమే మన ఆంధ్రా ఊళ్లు కూడా తిరిగి వెళ్లాడు. భూకంపం వచ్చేసరికి దక్షిణాదిలోనే ఉన్నాడు, తిరునల్వేలి సభలో ఇది మనం చేసిన అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని చెప్పేశాడు. ఉద్దేశం ఎంత గొప్పదో చూడండి, అంటరానితనం పోవాలి, అందుకోసమే ఊరూరా తిరుగుతున్నాడు. కానీ ఆ మాట వినగానే ఠాగూర్‌కి కడుపు మండింది. ఉత్తరం రాశాడు, గాంధీ దాన్ని తన హరిజన్ పత్రికలోనే వేసి కింద జవాబు రాశాడు, ఇప్పటి నాయకుల్లో అంత మర్యాద ఉన్నవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి, అది వేరే సంగతి.

ఠాగూర్ వాదన సింపుల్. భూకంపానికి కారణాలు భూమిలోనే ఉంటాయి, మన పాపాలు ఎంత పెద్దవైనా సృష్టిని కూల్చేంత బలం వాటికి లేదు. ఆ తర్వాత అసలు దెబ్బ వేశాడు, ఇలాంటి తర్కం మీకంటే మీ వ్యతిరేకులకే బాగా పనికొస్తుంది, ఈ దేవుడి కోపానికి మీరూ మీ మనుషులే కారణం అని వాళ్లు అన్నా నేను ఆశ్చర్యపోను అని. ఎంత కరెక్ట్. గుళ్లలోకి దళితుల్ని రానిస్తారా, అందుకే భూమి కంపించింది అని ఒక సనాతని చెప్తే గాంధీ దగ్గర ఏం రుజువుంది? ఆయనే ఒప్పుకున్నాడు నిరూపించలేను, నాది నమ్మకం అని. అటువైపు వాడిదీ నమ్మకమే కదా. పైగా ముంగేర్‌లో కూలిన ఇళ్లలో దళితుల ఇళ్లు లేవా? అంటరానితనం అనుభవించినోడు కూడా ఆ పాపానికి శిక్షగా చచ్చిపోయాడన్నమాట, ఇదేం లెక్కో.

ఇక్కడే నాకు ఒళ్లు మండే విషయం ఒకటుంది. గాంధీ పట్టుకున్న ఆ కత్తి అసలు ఎవరిదండీ? అంటరానితనం వెయ్యేళ్లు నిలబడిందే దాని మీద. ఛాందోగ్య ఉపనిషత్తులోనే ఉంది, మంచి నడవడి ఉన్నవాళ్లు బ్రాహ్మణుడిగానో క్షత్రియుడిగానో వైశ్యుడిగానో పుడతారు, చెడు నడవడి ఉన్నవాళ్లు కుక్కగానో పందిగానో చండాలుడిగానో పుడతారు అని. కుక్క, పంది, చండాలుడు, ఆ వరస చూడండి ఒకసారి. లోకంలో చెడు ఎందుకుంది అన్న ప్రశ్నకి ఇచ్చిన జవాబే ఒక పెద్ద చెడుకి లైసెన్స్ అయి కూర్చుంది. వాడి బాధకి వాడే కారణం అని ఒప్పుకున్నాక ఇంక వాడికి నీళ్లు ఇవ్వకపోయినా మనకి పాపం అంటదు, పైగా దేవుడి తీర్పు అమలు చేస్తున్నామన్న ఫీలింగ్ ఒకటి.

అవతలి వాళ్ల మాట కూడా చెప్పాలి కాబట్టి చెప్తా. ఈ మాటల వల్ల మనసుకి ఊరట దొరుకుతుంది, అది నిజం, కాదనను. కొడుకు పోయిన ఇంట్లో ఓ తండ్రి మూలన కూర్చుని "వాడికీ మాకూ రుణం తీరిపోయింది" అని తనలో తను అనుకుంటే దాన్ని లాజిక్‌తో కొట్టేసేంత దుర్మార్గుణ్ని కాదు. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు కాబట్టి చెడు కూడా తప్పదు అనే వాదన ఒకటుంది, మనుషులు చేసే హత్యలకి అది కొంతవరకు సరిపోతుందేమో, ఉప్పెనకి సరిపోదు. కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయి అంటారు, బతికుంటే కదా రాటుదేలేది. ఇంతకీ ఊరట అనేది బాధపడేవాడు తనకి తను చెప్పుకున్నంతవరకే ఊరట, పలకరించడానికి వచ్చిన బంధువు కాఫీ తాగుతూ "ఏ జన్మలో ఏ పాపం చేసుకుందో" అని ఆ తల్లి వినేలా అన్నాడంటే మాత్రం అది నింద.

ఇప్పుడు నా అసలు పాయింట్‌కి వస్తా, ఉప్పెన అన్నాం కదా. 1977 నవంబర్ 19, దివిసీమ. ఐదారు మీటర్ల ఎత్తున సముద్రం లేచి నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ల మీద పడింది, సొర్లగొంది లాంటి ఊళ్లలో కుటుంబాలకి కుటుంబాలే కొట్టుకుపోయాయి, ప్రభుత్వ లెక్కే పది వేలు దాటింది, అసలు లెక్క ఇంకా ఎక్కువన్న వాళ్లున్నారు. అప్పుడు బతికిన పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు, తాటిచెట్లు పట్టుకుని రాత్రంతా ఎలా ఉన్నారో, పొద్దున పశువుల కళేబరాలూ మనుషుల శవాలూ ఎలా కలిసిపోయి ఉన్నాయో. అప్పట్లో అందరూ అన్నది సముద్రుడి ఆగ్రహం అని, కలికాలం అని. ఇదే కృష్ణా తీరంలో అంతకు వందేళ్ల ముందు, 1864లో, బందరు మీద పడిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. మరి 1990 మేలో మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది ఇంకో తుఫాను, 1977 దానికి ఏమాత్రం తీసిపోనిది, చనిపోయింది వెయ్యి మంది లోపు. ఒడిశా చూడండి, 1999 సూపర్ సైక్లోన్‌లో పది వేల మంది దాకా, 2013లో ఫైలిన్ వస్తే పదుల్లో.

ఏం, 1977కీ 1990కీ మధ్యలో కృష్ణా జిల్లా వాళ్లు పాపాలు మానేశారా? పదమూడేళ్లలో అంత పుణ్యం ఎక్కడ సంపాదించారు? ఏం లేదండీ, తుఫాను షెల్టర్లు కట్టారు, తీరం వెంబడి సరుగుడు తోటలు వేశారు, వాతావరణ శాఖ ముందే చెప్పింది, పోలీసోళ్లూ రెవెన్యూవాళ్లూ ఇళ్లిళ్లూ తిరిగి రానన్నోళ్లని కూడా లారీలెక్కించి లక్షల మందిని తరలించారు. సముద్రం అదే, గాలి అదే, దేవుడూ ఆయనే. మారింది ఎమ్మార్వో ఆఫీసు. మరి 1977లో పోయిన వేల ప్రాణాల్లో దేవుడి ఖాతాలో ఎన్ని వేయాలి, గుడిసెలు తప్ప పక్కా ఇల్లు లేని పేదరికం ఖాతాలో ఎన్ని వేయాలి? తత్వవేత్తలు "ప్రకృతి వల్ల వచ్చే చెడు" అని ఒక డబ్బా గీసి పెట్టుకున్నారు కానీ ఆ డబ్బాలో సగానికి పైగా సరుకు మన నిర్లక్ష్యమే. ఆ సగం తీసేశాక మిగిలిన ప్రశ్నని దేవుణ్ని అడుగుదాం, అడిగే హక్కు అప్పుడే వస్తుంది.

మిగిలేది చిన్నదేం కాదు, ఆ మూడేళ్ల పాప అక్కడే ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు, కర్మ సిద్ధాంతం దగ్గరా లేదు, ఉన్నట్టు మాట్లాడటం దాని అలవాటు. జవాబు లేనప్పుడు అడగడమన్నా అడగాలి కదా, మన భక్తి సంప్రదాయంలో ఆ అడగడం దండిగా ఉంది, ఇప్పటి ప్రవచనాల్లోనే దాన్ని మర్యాదగా మూలకి నెట్టేశారు. పోతన గజేంద్రుణ్ని చూడండి. మొసలి నోట్లో కాలుంది, ఓపిక అయిపోయింది, అప్పుడు వాడు స్తోత్రం మధ్యలోనే "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని అనుమానపడ్డాడు. పోతన అంతటి భక్తుడు ఆ అనుమానాన్ని దాచలేదు, దేవుడు కూడా నన్నే అనుమానిస్తావా అని ఆగిపోలేదు, పరిగెత్తుకొచ్చాడు. ఇంకోటి, గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడి శాపం వల్ల ఏనుగయ్యాడు అనే కథ కూడా భాగవతంలో ఉంది, కానీ ఎక్కడుంది? మొసలిని చంపి ఏనుగుని బయటికి లాగాక ఉంది. ముందు రక్షించడం, తర్వాతే పూర్వజన్మ. మనమేమో ఒడ్డున నిలబడి ముందు శాపం కథ చెప్తాం, రక్షించే సంగతి తర్వాత చూద్దాం అంటాం. భద్రాచలం రామదాసు అయితే ఏకంగా ఏ నగకి ఎన్ని వరహాలు పెట్టించానో రాముడికే లెక్క చెప్పి ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని అడిగాడు, ఇంటింటా పాడుకుంటున్నాం.

రాముణ్ని అంత మాట అనగలిగిన జాతి ఒక ఎస్పీని, ఒక దేవాదాయ శాఖ కమిషనర్‌ని అడగడానికి మాత్రం నీళ్లు నములుతుంది. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజే రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. పుష్కరాల్లో పోయారు, నేరుగా పుణ్యలోకాలకే అని ఓదార్చిన వాళ్లున్నారు, నిజంగానే మంచి మనసుతో అన్నారు, కానీ ఆ ఓదార్పు ఆఫీసర్ల చెవికి ఎంత హాయిగా ఉండుంటుందో ఊహించుకోండి. 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడి ఆరుగురు పోయారు. టోకెన్ల కోసం. స్వామి దర్శనం దాకా కూడా వెళ్లలేదు ఆ జనం.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలున్నాయి. ఒక్కో ఘాట్‌లో గంటకి ఎంతమంది పడతారు, అది దాటితే గేటు దగ్గర ఎవరు ఆపుతారు, లోపలికెళ్లే దారీ బయటికొచ్చే దారీ వేరువేరుగా ఉన్నాయా, ఆ ఘాట్‌కి బాధ్యుడైన ఆఫీసర్ పేరేంటి, ఇవన్నీ ఇప్పుడే పెద్ద బోర్డు రాసి ఘాట్ ముందు పెట్టమని అడగండి. పంతుళ్లు టీవీల్లో ముహూర్తం చెప్పడం మొదలుపెట్టకముందే అడగండి.