అల్లుడుగారు, నేను, మధ్యలో గేటు

అల్లుడుగారి మీద కోపం తెచ్చుకునే అధికారం అత్తగారికి లేదు. కాబట్టి ఇది కోపం కాదు. నిన్న ఏం జరిగిందో చెబుతున్నానంతే.

మనవరాలు పుట్టిందని వచ్చాం. ఇల్లు ఈస్ట్‌బోర్న్‌లో, ఇంగ్లండ్ దక్షిణపు కొసన సముద్రం పక్కనే. నిన్న ఆదివారం మా అమ్మాయి "వచ్చిన దగ్గర్నుంచీ వంటింట్లోనే ఉన్నావు, నాన్నా నువ్వూ ఆయనతో అలా కొండల మీదికి వెళ్లి రండి" అంది. అల్లుడుగారు అప్పటికే ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి పెట్టుకున్నారు.

"ఈజీ వాక్ అత్తయ్యగారూ. ఎక్సీట్‌లో బస్సు దిగి, అడవిలోంచి ఫ్రిస్టన్ ఊరికి వెళ్తాం. అక్కణ్ణుంచి సెవెన్ సిస్టర్స్ మీదుగా సముద్రం అంచునే బర్లింగ్ గ్యాప్. ఏడు కొండలే. మీరు అలిపిరి మెట్లు నడిచి ఎక్కినవారు కదా!"

ఏడుకొండలు అన్నాక తెలుగావిడ ఎవరైనా కాదంటుందా? అలిపిరిలో 3,550 మెట్లున్నాయంటే ఉన్నాయి, కానీ పైన నీడ ఉంటుంది, దారి పొడవునా తాగడానికీ తినడానికీ ఏదో ఒకటి దొరుకుతుంది, అన్నిటికీ మించి చివర్లో స్వామివారుంటారు. ఇక్కడ కొండల మీద చెట్టు నీడైనా ఉండదనీ, పైగా లెక్కపెట్టి చూస్తే అవి ఏడు కావు ఎనిమిదనీ అల్లుడుగారు బస్సు కదిలాక చెప్పారు. అది కూడా "ఇంట్రెస్టింగ్ విషయం ఏంటంటే" అని మొదలుపెట్టి.

ఆయనకిదొక అలవాటు. మంచి పిల్లాడు, మా అమ్మాయిని పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు, నిద్ర లేచి డైపర్లు మారుస్తాడు. కానీ ఎక్కడైనా నిలబడితే చాలు, ఫోన్ తీసి ఆ చోటి గురించి చదువుతాడు. చదివేది మనసులో కాదు, పైకి.

ఫ్రిస్టన్ అడవిలో ఆ సంగతి బాగా తెలిసొచ్చింది. అడవి అందంగానే ఉంది. అన్నీ బీచ్ (beech) అనే జాతి చెట్లు, కొత్త చిగుళ్లు. కింద మాత్రం నేలంతా సుద్ద. ముందు రోజు వాన పడింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ సుద్దముక్క పట్టుకునే బతికిన దాన్ని, అది పొడిగా ఉన్నప్పుడే నాకు పరిచయం. తడిస్తే ఇంత ద్రోహం చేస్తుందని కాకినాడలో ఎవరూ చెప్పలేదు. చిన్న దిగుడు దగ్గర నా ఎడమకాలు నన్ను అడక్కుండా ఫ్రాన్స్ వైపు బయల్దేరింది. పక్కనున్న చెట్టును రెండు చేతులతో కావలించుకుని "బాబూ!" అన్నాను.

"ఇంట్రెస్టింగ్ విషయం ఏంటంటే అత్తయ్యగారూ, ఈ సుద్దంతా ఒకప్పుడు సముద్రంలో తేలిన నాచు. కంటికి కనిపించనంత చిన్నది. దాని పెంకులు అడుగున పేరుకుని పేరుకుని ఇలా అయ్యాయి. ఎనిమిది కోట్ల ఏళ్లు దాటిందట."

ఒక చెయ్యి అందిస్తే సరిపోయేది. సమాచారం అందించారు.

సరే, ఫ్రిస్టన్ చేరాం. రోడ్డు దాటితే ఒక చెరువు, దాని పక్కన చెకుముకి రాళ్లతో కట్టిన పాతకాలపు చిన్న చర్చి. చూసి పోదామన్నారు. అక్కడుంది గేటు.

ఈ గేటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మనకు తెలిసిన గేటుకి ఒక పక్క బందులుంటాయి, రెండో పక్క గొళ్లెం ఉంటుంది. తీస్తే ఒక వైపుకి తెరుచుకుంటుంది. దీనికి అలా కాదు. సరిగ్గా నడిమధ్యన ఒక గుంజ, ఆ గుంజ మీద గేటంతా తిరగలిలా తిరుగుతుంది. కుడి సగాన్ని ముందుకు తోస్తే ఎడమ సగం వెనక్కి వస్తుంది. గేటు దారి వెంబడే నిలువుగా తిరిగి ఆగితే, దానికి చెరోపక్కా మనిషి పట్టే సందు ఏర్పడుతుంది. ఇదంతా ఇప్పుడు కుర్చీలో కూర్చుని చెబుతున్నాను కాబట్టి ఇంత తేటగా ఉంది. ఆ గేటు మీద "ఇటు తొయ్యండి" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఏ గొడవా లేకపోను. రాయడానికి ఆ ఊళ్లో సుద్దకు కరువా?

నేను కుడి సగం మీద చెయ్యి వేసి తోశాను. కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా తోశాను. అప్పుడు చూశాను, అవతల నుంచి ఒక పెద్దాయన అదే సగాన్ని నా మీదకు తోస్తున్నారు. టోపీ, చేతికర్ర, వెంట ఒక బుజ్జి కుక్క.

"సారీ" అన్నారాయన. "సారీ" అన్నాను నేను. ఇద్దరం చెయ్యి తీశాం. ఆయన మర్యాదస్తుడు కాబట్టి నాకు ఆ సగం వదిలేసి రెండో సగం దగ్గరికి జరిగారు. నేనూ మర్యాదస్తురాలినే కాబట్టి ఆయనకు ఆ సగం వదిలేసి రెండో సగం దగ్గరికి జరిగాను. ఇద్దరం తోశాం. గేటు మళ్లీ కదల్లేదు.

"సారీ." "సారీ."

హైస్కూల్లో బలభ్రామకం పాఠం చెప్పిన దాన్ని నేను. ఇరుసుకు ఒకే పక్క, ఒకే దూరంలో, ఎదురెదురుగా సమాన బలాలు వేస్తే ఏమవుతుందని పరీక్షల్లో అడిగి, రాయని పిల్లల్ని నిలబెట్టిన దాన్ని. ఏమీ అవదు. చక్కగా నిలబడతారు, అంతే.

మూడోసారి ఆయన గేటు మీద చెయ్యి తీసేసి, టోపీ కాస్త ఎత్తి, నన్ను ముందు రమ్మన్నట్టు చెయ్యి చూపించారు. ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. గోదావరి జిల్లా మనిషిని పట్టుకుని ముందు నువ్వు వెళ్లమంటే వెళ్తుందా? పెద్దవాడు, చేతికర్ర ఉన్నవాడు నిలబడి ఉండగా? నేను కూడా చెయ్యి తీసేసి, మా ఇంటికి వచ్చిన చుట్టాన్ని లోపలికి పిలిచినట్టు "ప్లీజ్, ప్లీజ్" అన్నాను. ఆయన "నో, నో, ప్లీజ్" అన్నారు. కాసేపు గేటును ఎవరమూ ముట్టుకోలేదు. కుక్క మాత్రం కింద సందులోంచి ఇవతలికి వచ్చి, నా బూట్లకున్న సుద్ద వాసన చూసి, తిరిగి అవతలికి వెళ్లింది. మా అందరిలో అదొక్కటే పని ఉన్నట్టు తిరుగుతోంది.

వెనక్కి తగ్గుదామంటే నా వీపు మీద అల్లుడుగారి బ్యాక్‌ప్యాక్, అందులో పులిహోర డబ్బా, ఫ్లాస్కు, నాలుగు రెయిన్‌కోట్లు (మనుషులం ముగ్గురం). దాని వెనక మా ఆయన. ఆయన వెనక ఎవరో దంపతులు, చంటిపిల్ల బండి. పెద్దాయన వెనక కూడా ముగ్గురు నిలబడ్డారు. ఈ దేశంలో ముందు మనిషి ఆగితే వెనక మనిషి ఎందుకని అడగడు. ఒక్కరైనా "అమ్మా, నువ్వు ఇటు తొయ్యి, ఆయన్ని అటు తొయ్యనీ" అంటే అయిపోను. మా కాకినాడలో అయితే ఈపాటికి పదిమంది పోగై, గేటు ఊడదీసి పక్కన పెట్టి, మాకు కాఫీలు కూడా ఇప్పించేవారు. ఇదే దారిలో ముందుకెళ్తే బెల్ టూట్ అని ఒక పాత లైట్‌హౌస్ ఉంది. కొండ అంచు సముద్రంలోకి విరిగిపడుతోందని 1999లో దాన్ని ఉన్నదున్నట్టుగా 17 మీటర్లు వెనక్కి జరిపారట. బిల్డింగుకి బిల్డింగే. అది చేయగలిగిన వాళ్లు ఒక్క అత్తగారిని ఒక్క అడుగు జరపలేకపోయారు.

ఇంత జరుగుతుంటే అల్లుడుగారు ఎక్కడున్నారు? నా ఎడమ పక్క, గేటుకి ఆనుకుని, ఫోన్ చూస్తూ.

"ఇంట్రెస్టింగ్ విషయం ఏంటంటే అత్తయ్యగారూ, దీన్ని టాప్సెల్ గేటు అంటారట. ఒక్క ఈ ససెక్స్ ప్రాంతంలోనే ఉంటాయట, మొత్తం కలిపి ఆరే మిగిలాయట."

"అలాగా బాబూ" అన్నాను, పెద్దాయన వంక నవ్వుతూ.

"ఇలా మధ్యలో తిరిగేలా ఎందుకు పెట్టారంటే, శవపేటిక మోసుకొచ్చేటప్పుడు మామూలు గేటు అడ్డం కదా. ఇదైతే పేటిక గేటు మీదుగా పోతుంది, మోసేవాళ్లు చెరోపక్క నుంచీ పోతారు."

అరవై దాటిన అత్తగారు ఆ గేటులో నిలబడి ఉండగా చెప్పాల్సిన ముక్కేనా ఇది? ఇంట్లో చెప్పొచ్చు. బస్సులో చెప్పొచ్చు. నేను పోయాక తీరిగ్గా చెప్పుకోవచ్చు. నేనేమీ అనలేదు. అల్లుడు కదా. దానికి తోడు వెనక నుంచి మా ఆయన, పొద్దుటి నుంచీ నోరు విప్పని మనిషి, అటూ ఇటూ చూసి "నేనూ, అల్లుడుగారూ, ఆ పెద్దాయనా, బండి తెచ్చిన అబ్బాయీ. సరిగ్గా నలుగురం ఉన్నాం" అన్నారు.

మొగుడి మీద కోపం తెచ్చుకునే అధికారం మాత్రం నాకుంది. అది చేతుల్లోకి వచ్చింది. కుడి సగాన్ని ఒక్క తోపు తోశాను. అదే క్షణంలో పెద్దాయన కూడా నిర్ణయానికి వచ్చి తనకు కుడివైపున్న సగాన్ని తోశారు. అంటే ఇద్దరి బలమూ ఒకే దిశలో పడింది. ఫిజిక్సు మీద నాకు ఫిర్యాదు లేదు. గేటు గిర్రున తిరిగింది. నేను అవతల పడ్డాను, పెద్దాయన ఇవతలికి వచ్చారు, ఎడమ సగం వెనక్కి వచ్చి నిండు వేగంతో అల్లుడుగారి మోకాలిని తాకింది.

"సారీ" అన్నారు పెద్దాయన. దంపతులు కూడా "సారీ" అన్నారు, వాళ్లకేం సంబంధమో. నేను "అయ్యయ్యో" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

తర్వాత సెవెన్ సిస్టర్స్. ఉన్నాయి. తెల్లగా ఉన్నాయి. ఎక్కుతాం, దిగుతాం, మళ్లీ ఎక్కుతాం. అంచున కంచె లేదు, గడ్డి ఉంది, తర్వాత ఏమీ లేదు. చూస్తే గుండె ఝల్లుమంటుంది, చూడకుండా ఉండలేం. అల్లుడుగారు కుంటుతూ నడిచారు కాబట్టి ఒక్క విషయం కూడా ఇంట్రెస్టింగ్‌గా లేదు. సముద్రం చప్పుడు బాగా వినపడింది. పులిహోర తిన్నాం. ఎనిమిదోదాన్ని నేను లెక్కపెట్టలేదు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ఆయన మోకాలికి ఐసు పెడుతూ "ఎలా తగిలింది?" అని అడిగింది. "గేటు తగిలింది" అన్నారాయన, పెద్దమనిషి. "గేటు దానంతటది తగులుతుందా?" అంటూ నా వైపు చూసింది. నేను మనవరాలికి డైపర్ మార్చే పనిలో పడ్డాను. మార్చి అప్పటికి పావుగంటే అయింది.

ఈరోజు పొద్దున్న కాఫీ దగ్గర మళ్లీ ఫోన్ బయటికి వచ్చింది. వచ్చే ఆదివారం బీచీ హెడ్ అట. 162 మీటర్లట. బ్రిటన్ మొత్తంలో అంత ఎత్తైన సుద్ద అంచు సముద్రం పక్కన ఇంకోటి లేదట.

"దారిలో గేట్లున్నాయా బాబూ?" అని అడిగాను. యాప్‌లో ఇంకా వెతుకుతున్నారు.