సవరణ: ఆయిల్ తాగే ఇంజిన్‌కు కంప్రెషన్ పరీక్ష

పాత కారు ఇంజిన్ ఆయిల్ ఎందుకు తాగుతుందో చెప్పిన ముందు పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

కంప్రెషన్ పరీక్ష అంటే ఇంజిన్ తిప్పి ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతుందో గేజితో కొలవడం. రీడింగ్ తక్కువగా ఉంటే సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలిచేది తడి పరీక్ష. అప్పుడు రీడింగ్ పెరిగితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగినట్టు. ఆ తడి పరీక్షకు సిలిండర్‌కు 50 మి.లీ. ఆయిల్ పోయమని రాశాం. 5 మి.లీ. చాలు, అంటే ఒక టీస్పూను. ఎక్కువ పోస్తే పిస్టన్ పైన ఖాళీ తగ్గిపోయి రీడింగ్ ఊరికే పెరుగుతుంది, రింగుల సంగతి తేలదు. మరీ ఎక్కువైతే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగినా వంగుతుంది.

రెండోది ఇంకా పెద్ద పొరపాటు. కంప్రెషన్ బాగుంటే రింగులు బాగున్నట్టే అన్నాం. అలా తేల్చేయకూడదు. కంప్రెషన్‌ను పట్టి ఉంచేవి పై రెండు రింగులు. సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి దించేది మూడోది, ఆయిల్ రింగు. దాని గాడిలోని రంధ్రాలు మసితో పూడుకుపోయినా గేజి మీద అంకెలు చక్కగానే వస్తాయి. డిప్‌స్టిక్ మీద మట్టం మాత్రం దిగుతూనే ఉంటుంది.

అందుకే పొగనూ చూడాలి. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే గుప్పుమని నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లను (వాల్వ్ కాడల వెంట ఆయిల్ సిలిండర్‌లోకి కారకుండా ఆపేవి) అనుమానించండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే రింగులను. ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి గాలి లోపలికెళ్లే దారిలోకి పంపే పీసీవీ వాల్వ్ పాడైనా ఆయిల్ తగ్గవచ్చు. కాబట్టి ఇంజిన్ విప్పే ముందు దాన్ని తీసి ఊపండి. చాలా రకాల్లో లోపల టకటకమనాలి. అనకపోతే ముందు అదే మార్చి, మట్టం గమనించండి.