నయాగరా మొత్తం గడ్డకట్టదండీ

అమెరికాలో బఫెలోలో ఉంటూ చలికాలం సెలవుల్లో పిల్లలతో నయాగరా చూసొచ్చిన మీ కబుర్లు బాగున్నాయి. జలపాతం మొత్తం గడ్డకట్టిందన్న మాట మాత్రం సరికాదు. పైన మంచు పెచ్చు కడుతుందే గానీ, అడుగున నీళ్లు పారుతూనే ఉంటాయి. ధార నిజంగా ఆగింది 1848 మార్చిలో. ఈరీ సరస్సు దగ్గర, నది మొదట్లో మంచుగడ్డలు అడ్డుపడ్డాయి, అంతే. 1964 నుంచి అక్కడ ప్రతి చలికాలం ఆ గడ్డల్ని ఆపడానికి తేలే అడ్డుకట్ట వేస్తున్నారు. జలపాతం కింద నది మీద మంచు పేరుకుని వంతెనలా తయారైతే, దాని మీద పూర్వం తిరునాళ్లలా జనం తిరిగేవారట, దుకాణాలతో సహా! 1912 ఫిబ్రవరిలో అది విరిగి ముగ్గురు పోయాక ఆపేశారు.

మాది ఒడిశాలోని బరంపురం. అబ్బాయి టొరంటోలో ఉండగా మేమూ జనవరిలోనే వెళ్లాం. తుంపర పడి గడ్డకట్టి, రెయిలింగు కమ్మీ మణికట్టంత లావైంది. మా ఆవిడ కళ్లజోడు తుడుచుకునేలోపే మళ్లీ తెల్లటి పొర. ఫోను చలికి ఆగిపోయింది, ఒక్క ఫొటో లేదు. పడవ షికారు అప్పుడు ఉండదు గానీ, కెనడా వైపు జలపాతం వెనక్కి తీసుకెళ్లే సొరంగం తెరిచే ఉంటుంది. ఈసారి అది వదలొద్దు.

ఇండియాకి వచ్చేదీ డిసెంబరు, జనవరుల్లోనే పెట్టుకోండి. మా ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున ఉన్న మంగళాజోడిలో నాటు పడవెక్కితే వలస పక్షులు చేతికందేంత దగ్గర్లో కనిపిస్తాయి. చూపించేవాళ్లలో ఒకప్పుడు వాటినే వేటాడినవాళ్లున్నారు. కొండల్లో ఉన్న దారింగబాడిని ఒడిశా కాశ్మీరం అంటారు గానీ, మీ బఫెలో మంచు చూసిన కళ్లకి అది ఆనదు. దానికన్నా మా ఊరికి యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న తప్తపాని వేణ్ణీళ్ల బుగ్గే నయం.