సిఫారసు చేసేవాడి గోడు

లోకంలో నిస్వార్థ సేవ అంటూ ఇంకా ఏదైనా మిగిలి ఉంటే అది ఒక్కటే: ఎవరూ అడక్కుండా ఎదుటివాడికి సినిమా చెప్పడం. దీనికి జీతం లేదు, పెన్షన్ లేదు, కనీసం కృతజ్ఞత కూడా లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మేం పెడతాం. పుస్తకం, సినిమా, పాటల ఆల్బం, ఎనిమిది సీజన్ల సిరీస్, ఏది కావాలన్నా పెడతాం, ఏదీ వద్దన్నా పెడతాం. అయినా మేం ఎదురుపడగానే జనం ఫోన్ చెవికి ఆనించి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తారు. ఈ అన్యాయం గురించి ఎవరో ఒకరు రాయాలి కదా.

మా మీద ఎప్పుడూ విసిరే రాయి "లోకో భిన్నరుచిః". ఎవరి రుచి వాళ్లది, మధ్యలో నీ గోలేంటి అని దాని భావం. ఈ మాటకు మూలం కాళిదాసు రఘువంశం ఆరో సర్గలో ఉంది. విసిరేవాళ్లలో ఎంతమంది ఆ సర్గ చదివారో నాకు అనుమానమే. అది ఇందుమతి స్వయంవరం. వరుసగా రాజులు కూర్చుని ఉంటారు. సునంద అనే ద్వారపాలిక ఇందుమతిని ఒక్కొక్కరి ముందుకీ తీసుకెళ్లి వాళ్ల గొప్పలు వర్ణిస్తుంది. మగధ రాజు వంతు అయిపోయింది, అంగరాజు దగ్గరికొచ్చారు. సునంద అంత కవిత్వం చెప్పాక ఇందుమతి అతని మీద నుంచి చూపు తిప్పేసుకుని ఒకటే మాట అంటుంది: "పద." అతను అందగాడు కాడనీ కాదు, ఆమెకు మంచిచెడ్డలు తెలియవనీ కాదు, లోకానికి రకరకాల అభిరుచులుంటాయి అని కాళిదాసు ఆమెను వెనకేసుకొస్తాడు.

మరి సునందను ఎవరు వెనకేసుకొస్తారు? రఘు మహారాజు కొడుకు అజుడి దాకా వచ్చేసరికి ఏడుగురు రాజులు. ఏడుగురికీ వేర్వేరు పొగడ్తలు, చెప్పింది మళ్లీ చెప్పకుండా. ఏడుసార్లూ అవతలి నుంచి తిరస్కారం తప్ప ఇంకేం లేదు. ఆఖరికి అజుణ్ణి చూసి ఇందుమతి అక్కడే నిలబడిపోతుంది. అప్పుడు సునంద, "ఇంకొకరి దగ్గరికి వెళ్దామా?" అంటుంది. పరిహాసానికి అలా అన్నదని కాళిదాసు రాశాడు. నేను నమ్మను. ఆమె దగ్గర ఇంకా లిస్టు మిగిలే ఉంది.

ఈ పని యంత్రాలు చేసి పెడతాయని కొందరి ధీమా. సరే, చూద్దాం. 2006లో నెట్‌ఫ్లిక్స్ ఒక పోటీ పెట్టింది. ఎవరికి ఏ సినిమా ఎంత నచ్చుతుందో తమ సాఫ్ట్‌వేర్ వేసే అంచనాను 10 శాతం మెరుగుపరిచిన వాళ్లకు 10 లక్షల డాలర్ల బహుమతి. 10 కోట్లకు పైగా రేటింగులు తెచ్చి ముందు పోశారు. పెద్ద పెద్ద లెక్కల మేధావులు మూడేళ్లు కుస్తీ పట్టారు. 2009లో ఒక జట్టు 10.06 శాతంతో గెలిచింది. అదే ఫలితం సాధించిన ఇంకో జట్టు 20 నిమిషాలు ఆలస్యంగా పంపి బహుమతి పోగొట్టుకుంది. ఇంతా చేస్తే, గెలిచిన ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు కంపెనీ వాడకంలో పెట్టనేలేదు. పెట్టడానికయ్యే శ్రమకు తగిన ఫలితం లేదని తేల్చేసింది.

నాకు అన్ని రేటింగులు అక్కర్లేదు. మనిషి మొహం చూస్తే చాలు, ఈ సినిమా వీడికి నచ్చదని ఇట్టే చెప్పేస్తాను. అయినా చూపిస్తాను. యంత్రానికి లేనిది ఈ పట్టుదలే.

పైగా యంత్రానికి మర్యాద తెలియదు. మనిషి ఏం చెప్పాడన్నది వదిలేసి ఏం చూశాడన్నది పట్టుకుంటుంది. 2017లో నెట్‌ఫ్లిక్స్ ఐదు నక్షత్రాల పద్ధతి ఎత్తేసి బొటనవేలు గుర్తులు పెట్టింది. అప్పుడు వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి చాలా బాధాకరమైనది: జనం గంభీరమైన డాక్యుమెంటరీకి ఐదు నక్షత్రాలిస్తారు, పిచ్చి కామెడీకి మూడిస్తారు, మళ్లీ మళ్లీ చూసేది మాత్రం ఆ కామెడీనే. ఇలాంటి విషయాలు బయటికి చెప్పుకుంటారా ఎవరైనా? నా అకౌంట్ తెరిస్తే పైన "మీరు ఇవి చూశారు కాబట్టి" అని ఒక వరస వస్తుంది. అందులో ఒక్క యూరోపియన్ సినిమా లేదు. అన్నీ దెయ్యాల కామెడీలే. నలుగురిలో టీవీ ఆన్ చేయాలంటే టెన్షన్. మా బావమరిదికి పాస్‌వర్డ్ ఇచ్చాను, వాడి పనే అయ్యుంటుందని అందరికీ చెబుతున్నాను. వాడికి ఇచ్చింది మొన్నీమధ్యే అనే వివరం ఇక్కడ అప్రస్తుతం.

బావమరిది ప్రస్తావన వచ్చింది కాబట్టి అసలు సంగతి చెప్పాలి. సిఫారసంటే పేరు చెప్పి చేతులు దులుపుకోవడం కాదు. మనిషిని పక్కన కూర్చోబెట్టి, రిమోట్ మన చేతిలో ఉంచుకుని, దగ్గరుండి చూపించాలి. చూపించేటప్పుడు తెర వైపు చూడకూడదు, చూసేవాడి మొహం వైపు చూడాలి. మంచి సీను వచ్చే అర నిమిషం ముందే "ఇప్పుడు చూడు" అనాలి. సీను అయ్యాక సినిమా ఆపి "చూశావా?" అనాలి. చూశానంటే ఏం చూశాడో అడగాలి. మొన్న ఒక సినిమాలో, కట్ అన్నదే లేకుండా కెమెరా ఇల్లంతా తిరిగే షాట్ దగ్గర నేను ఊపిరి బిగబట్టి వాడి మొహంలోకి చూస్తున్నాను. వాడి కనుబొమలు నెమ్మదిగా ముడిపడ్డాయి. పెదాలు కదిలాయి. ఎక్కిందిరా అనుకున్నాను.

"బావా, వీడు ఇందాక చచ్చిపోయాడు కదా?"

"చచ్చిపోయింది వాడి అన్నరా."

"ఓహో." కాసేపాగి, "ఇంకా ఎంతుంది?"

ఎంతుంది అని అడగడం కళాద్రోహం. వెంటనే వెనక్కి తిప్పి మొదటి నుంచి పెట్టాను. వాడు లేచి ఛార్జర్ తెచ్చుకుంటానని వెళ్లి, చాలాసేపు తెచ్చుకుంటూనే ఉన్నాడు.

ఇలాంటివాళ్ల కోసమే పెద్దలు ఓట్లు వేసి జాబితాలు తయారు చేశారు. బ్రిటన్‌కు చెందిన సైట్ అండ్ సౌండ్ పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకుల్ని అడిగి, అన్నిటికంటే గొప్ప సినిమా ఏదో ప్రకటిస్తుంది. 1962 నుంచి 2002 దాకా ఐదుసార్లు వరసగా సిటిజన్ కేన్. 2012లో వర్టిగో. 2022లో శాంతల్ అకెర్మాన్ 1975లో తీసిన జాన్ డీల్‌మాన్. ఇది అంతకు ముందు జాబితాలో మొదటి పదిలో కూడా లేదు. ఈ మధ్యలో ఆ సినిమాలో ఒక్క ఫ్రేమూ మారలేదు, విమర్శకులే మారారు. గొప్పదనం అంటే అంతే, ముందు మెజారిటీ రావాలి. 3 గంటల 21 నిమిషాల సినిమా. ఒకామె ఇంటిపని చేస్తూ ఉంటుంది. బంగాళాదుంపల పొట్టు తీసే దృశ్యం ఉంది, పొట్టు తీయడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఉంది. నేను దీన్ని కలిసినవాళ్లందరికీ సిఫారసు చేస్తున్నాను. ఇంట్లో నాతో కూర్చుని చూసినామె చివర్లో, "దీన్ని చూడాలంటే ఇంత కష్టపడాలా? వంటింట్లోకి వస్తే రోజూ చూడొచ్చు" అంది. ఆ వ్యాఖ్యలో విమర్శ ఎవరి మీదో నాకు ఇప్పటికీ తెలియలేదు.

పుస్తకాల సంగతి వేరు. సినిమా అయితే దగ్గరుండి చూపించొచ్చు, చదివించాలంటే పక్కన కూర్చుని పేజీలు తిప్పలేం. అందుకే పుస్తకం అరువిచ్చి, తిరిగొచ్చాక సాక్ష్యాలు వెతుక్కోవాలి. వెన్ను మడత పడిందా? మూలలు నలిగాయా? నేను పెట్టిచ్చిన బుక్‌మార్క్ ముందుమాట దగ్గరే ఉందా? సాధారణంగా అక్కడే ఉంటుంది. "చాలా బాగుందండీ, ముఖ్యంగా భాష" అంటారు ఇచ్చేటప్పుడు. భాష బాగుందన్నారంటే చదవలేదని అర్థం. 2014లో జోర్డన్ ఎలెన్‌బర్గ్ అనే గణిత ఆచార్యుడు సరదాకి ఒక లెక్క వేశాడు. ఈ-పుస్తకాలు చదివే కిండిల్‌లో పాఠకులు ఎక్కువగా గీతలు గీసుకున్న వాక్యాలు పుస్తకంలో ఎంత లోపల ఉన్నాయో చూసి, జనం ఎంతవరకు చదివి వదిలేస్తున్నారో అంచనా కట్టాడు. స్టీఫెన్ హాకింగ్ కాలం గురించి రాసిన ప్రసిద్ధ పుస్తకానికి 6.6 శాతం వచ్చింది. ఆ సూచికకు హాకింగ్ పేరే పెట్టాడు. ఆర్థికవేత్త పికెటీ పెట్టుబడి మీద రాసిన లావుపాటి గ్రంథానికైతే 2.4 శాతమే.

నువ్వు సిఫారసు చేసేవన్నీ నువ్వు చదివావా అని కొందరు నన్ను నిలదీస్తారు. ప్రతి పుస్తకంలోనూ మొదటి వంద పేజీలు క్షుణ్ణంగా చదివాను. హాకింగ్ సూచిక ప్రకారం నేను చాలామంది కంటే ఎన్నో రెట్లు ముందున్నాను. ఆ తర్వాతి పేజీలు ఎదుటివాడు చదివి నాకు చెప్పాలనే కదా పుస్తకం ఇస్తున్నది.

ఇక ఆల్బం. దీన్ని వరస తప్పి వినేవాళ్లతో నాకు మాటల్లేవు. 2021లో గాయని అడెల్ అడిగితే, పాటలు వినిపించే స్పాటిఫై యాప్ ఆల్బం పేజీల్లో మొదట కనిపించే, వరస కలిపేసే షఫుల్ బటన్ తీసేసింది. నేను అడిగితే ఇంట్లో స్పీకర్ సౌండ్ తగ్గిస్తారు. మంచి సంగీతం ఎప్పుడొచ్చిందన్న విషయంలో కూడా నాకు శాస్త్రం తోడుంది. 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు, మనిషికి పాటల మీద మక్కువ సుమారు 24 ఏళ్ల వయసులో విన్నవాటి దగ్గర శిఖరానికి చేరుతుందని చూపించారు. నాకు 24 ఏళ్లున్న సంవత్సరంలో సంగీతం నిజంగానే శిఖరాన ఉంది. తర్వాత పడిపోయింది. మిగతావాళ్లు కూడా తమ 24వ ఏడు గురించి ఇదే మాట అంటున్నారు కానీ వాళ్లది అభిమానం, నాది పరిశీలన.

ఇంకో పరిశోధన గురించి చెప్పక తప్పదు, ఎందుకంటే అది మా వృత్తికి రాజ్యాంగం లాంటిది. 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఎవరికీ పెద్దగా తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని 14 వేల మందికి పైగా వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగతావాళ్లను ఎనిమిది లోకాలుగా విడదీసి, తమ లోకంలో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేశారో చూపించారు. ఒకే పాట ఒక లోకంలో మొదటి స్థానంలో నిలిచింది, ఇంకో లోకంలో 40వ స్థానానికి పోయింది. మరీ మంచివి అడుగుకు పోవడం, మరీ చెత్తవి పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్నవాటి రాత మాత్రం మొదట ఎవరు నొక్కారన్న దాన్నిబట్టే ఉంది. అంటే ఎవరో ఒకరు ముందు నొక్కాలి. ఎంతో ఆలోచించి ఆ బాధ్యత నేనే తీసుకున్నాను.

బాధ్యత ఉన్నచోట అధికారం కూడా ఉండాలి. కాబట్టి ప్రభుత్వం వెంటనే కొన్ని నిబంధనలు తేవాలని కోరుతున్నాను. "లిస్టులో పెట్టుకున్నాను" అనే జవాబు ఇకపై చెల్లకూడదు. లిస్టు చూపించాలి, అందులో నేను చెప్పింది ఎన్నో స్థానంలో ఉందో చూపించాలి. "బాగుంది" అన్న ఒక్క ముక్కను అభిప్రాయంగా గుర్తించకూడదు. ఏ సీను దగ్గర కన్నీళ్లొచ్చాయో చెప్పాలి, రాకపోతే ఎందుకు రాలేదో వారంలోగా లిఖితపూర్వకంగా సమర్పించాలి. సగంలో నిద్రపోయినవాళ్లకు మళ్లీ చూసే అవకాశం ఇవ్వాలి, అదీ నా సమక్షంలోనే. నేను చెప్పినప్పుడు వినకుండా, ఆర్నెల్ల తర్వాత ఇంకెవరో చెబితే చూసి వచ్చి నాకే సిఫారసు చేసేవాళ్ల మీద మాత్రం నాన్‌బెయిలబుల్ కేసు పెట్టాలి.

ఇక నాకేదైనా సిఫారసు చేయాలనుకునేవాళ్లు ఈ నిబంధనల గురించి కంగారు పడనవసరం లేదు. ఈ మధ్య నాకు అస్సలు ఖాళీ ఉండటం లేదు.