అంకణానికి ఆన్‌లైన్ రేటు

నెల్లూరులో ఇల్లమ్మదలచినవాళ్లు ఇకమీదట దస్తావేజు రైటర్నీ, వీధి చివర టీ బంకు దగ్గరుండే బ్రోకర్నీ అడగడం మానుకోవాలి. వాళ్లకు తెలిసిందల్లా ఆ వీధిలో ఏ ఇల్లు ఎంతకు పోయిందన్నదే. ఇళ్ల ప్రకటనలు పెట్టే వెబ్‌సైటు వీళ్లకంటే ఘనమైనది. ఏ ఇల్లు ఎంతకు పోవాలని దాని ఓనరు కలగంటున్నాడో దానికి తెలుసు.

సైటులో రేటు పుట్టే తీరు శాస్త్రీయం. మాగుంట లేఅవుట్‌లో ఒకాయన మనసుకు తోచిన రేటు పెడతాడు. అది చూసి పక్కాయన, తన ఇంటికి తూర్పు ఫేసింగు కూడా ఉంది కదా అని మరో ఐదు లక్షలు కలుపుతాడు. సైటు ఈ రెండింటికీ సగటు తీసి, ఏరియా రేటు ఇదీ అని గ్రాఫు గీస్తుంది. సరసమైన రేటుకు పెట్టిన ఇల్లు త్వరగా బేరం కుదిరి సైటు దిగిపోతుంది. ఎవరూ కొననిది ఏడాదైనా అక్కడే ఉంటుంది. కాబట్టి ఆ సగటు చాలావరకు అమ్ముడుపోని ఇళ్లది.

పోనీ రిజిస్ట్రేషన్ లెక్కలు చూసుకోవచ్చుగా అంటారా? స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి ఏడున్నర శాతం. డాక్యుమెంటులో రాసిన విలువ, గవర్నమెంటు వాల్యూ (అంటే ఆ ఏరియాకు ప్రభుత్వం కట్టిన ధర), ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానిమీద కట్టాలి. అందుకని చాలా డాక్యుమెంట్లు గవర్నమెంటు వాల్యూ దగ్గరే ఆగిపోతాయి. సైటులో ఆశ, డాక్యుమెంటులో భయం. అసలు రేటు అమ్మినాయన, కొన్నాయన నోళ్లలోనే ఉండిపోతుంది.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇల్లు ఎంతకు అమ్మిందీ రికార్డులో దొరుకుతుంది. అంత సమాచారం చేతిలో ఉండీ, తన లెక్కనే నమ్ముకొని ఇళ్లు కొన్న జిల్లో అనే అక్కడి ఇళ్ల సైటు కంపెనీ నష్టపోయి, ఆ వ్యాపారం మూసేస్తున్నట్టు 2021 నవంబరులో ప్రకటించింది. అదే నెలలో పెన్నా పొంగి నెల్లూరు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. ఏ వీధిలో ఎన్ని మెట్లు మునిగాయో టీ బంకు బ్రోకరు చెప్పగలడు. సైటు మాత్రం ‘నదికి దగ్గర, ఆహ్లాదకర వాతావరణం’ అంటుంది.

కొలతల దగ్గర మాత్రం కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. స్థలం కొలిచే అంకణం నెల్లూరులో 72 చదరపు అడుగులు, అంటే 8 చదరపు గజాలు. తిరుపతి అంకణం 36 అడుగులే. ముప్పై అంకణాల స్థలం మన లెక్కలో 2160 అడుగులు. తిరుపతి లెక్కన ఎక్కిస్తే 1080. సగం ఇల్లు ఒక్క క్లిక్కుతో ఆవిరి. సైటులో అడుగుల్లోనే రాయడం క్షేమం.

వీధిపోటు, ఈశాన్యంలో సెప్టిక్ ట్యాంకు, తెగిపోయిన లింకు డాక్యుమెంటు (పాత ఓనర్ల దస్తావేజు), ఈసీలో, అంటే ఆస్తి మీది లావాదేవీలు చూపే పత్రంలో, తీరని బ్యాంకు తనఖా, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ నిషేధిత జాబితాలో ఉండటం... ఇవేవీ ఫోటోల్లో పడవు కనుక సైటు దృష్టిలో లేనట్టే. కొనేవాళ్ల వాస్తు సిద్ధాంతికీ, లాయరుకూ మాత్రం ఇవే ముందు కనిపిస్తాయి. అంకణానికి ఇంతని కుదిరిన బేరం ఆ పూటే సగం తగ్గుతుంది, లేదా పూర్తిగా చెడుతుంది.

ప్రకటన పెట్టగానే ఫోన్లు మొదలవుతాయి. ముందు ప్రీమియం ప్లాను అమ్మేవాళ్లు, తర్వాత ‘పార్టీ రెడీ సార్, కమీషన్ రెండు శాతం’ అనే బ్రోకర్లు. ఒక్కో బ్రోకరూ అవే ఫోటోలు తీసుకొని అదే ఇంటిని తన పేరుతో తన రేటుకు మళ్లీ ఎక్కిస్తాడు. సైటు వాటిని నాలుగు ఇళ్లుగా లెక్కేసి, ‘మీ ఏరియాలో డిమాండు పెరుగుతోంది’ అని ఓనరుకే మెసేజు పంపిస్తుంది.