సినిమా పిచ్చికి సిలబస్ మందు

పిల్లల సినిమా పిచ్చి గురించి మన తల్లిదండ్రులు పడినంత ఆవేదన మరే విషయం గురించీ పడి ఉండరు. కేబుల్ కనెక్షన్ తీయించారు, ఫోనుకు పాస్‌వర్డు పెట్టారు, బెనిఫిట్ షోకు వెళ్లివచ్చిన కొడుకును వాకిట్లోనే నిలబెట్టి చీవాట్లు పెట్టారు. ఫలితం మాత్రం శూన్యం. ఇన్ని దారులు వెతికిన వారికి కళ్లెదుటే ఉన్న ఒక్క దారి తట్టకపోవడం ఆశ్చర్యకరం. సినిమాను పదో తరగతిలో పాఠ్యాంశం చేయాలి. సినిమా తీసే పద్ధతులు, సినిమాలలోని రకాలు అన్నవాటిని కలిపి వంద మార్కుల పేపరు పెట్టి, దానికి గైడు, బిట్ బ్యాంకు, మోడల్ పేపర్లు, సోమవారం సోమవారం స్లిప్ టెస్టులు సమకూర్చినట్లయితే, రెండు మూడేళ్లలో సినిమా పేరెత్తగానే పిల్లలకు ఆవలింతలు వస్తాయని నేను పూచీ పడగలను.

ఈ పూచీ గాలిలోంచి పుట్టింది కాదు. పద్యం విషయంలో ఇదే చికిత్స చేసి పూర్తిగా నయం చేసిన అనుభవం మనకున్నది. ఒకప్పుడు ఆ జబ్బు ఎంత ముదిరి ఉండేదో నేటి తరానికి తెలియదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఊళ్లో ఆడుతున్నారంటే, సంతకం చేయడం రాని రైతు కూడా గోనెపట్టా పరుచుకుని తెల్లవార్లూ కూర్చునేవాడు, కృష్ణుడు రాగం తీస్తే వన్స్‌మోర్ అని కేకలు పెట్టేవాడు, మర్నాడు అరక దున్నుతూ అవే పద్యాలు ఎత్తుకునేవాడు. అంతటి మొండి రోగాన్ని బడి కుదిర్చింది. గురులఘువులు గుర్తించి గణవిభజన చేయుము, ఏ పద్యపాదమో తెల్పుము, ప్రతిపదార్థము వ్రాయుము అన్న మూడు మాత్రలను రోజూ వేయించేసరికి, ఇవాళ మత్తేభం అనగానే పిల్లవాడికి సభరనమయవ గుర్తొస్తుంది, పద్నాలుగో అక్షరం యతిస్థానమని గుర్తొస్తుంది, పద్యం ఒక్కటీ గుర్తుకు రాదు. పద్యం చదివి చెడిపోయిన పిల్లవాడు ఇప్పుడు మన వీధిలో ఒక్కడైనా ఉన్నాడా?

విదేశాలలో ఈ పని ఎప్పుడో మొదలుపెట్టారని కొందరు మేధావులు గుర్తుచేస్తున్నారు. నిజమే. ఇంగ్లండులో పదహారేళ్ల పిల్లలు, మన పదో తరగతి పరీక్షల వంటి జీసీఎస్ఈ స్థాయిలో, ఫిల్మ్ స్టడీస్ పరీక్ష రాస్తారు. అయితే ఆ దేశం వారు ఒక పెద్ద పొరపాటు చేశారు. పిల్లలు స్వయంగా ఒక చిత్రభాగాన్ని తీయడానికో, స్క్రీన్‌ప్లే రాయడానికో కొన్ని మార్కులు కేటాయించారు. పిల్లల చేతికి కెమెరా ఇచ్చి, తోచింది తీయమంటే జబ్బు తగ్గుతుందా, ముదురుతుందా? మన దగ్గర ఆ మార్కులను రికార్డుకు మళ్లించడం శ్రేయస్కరం. విద్యార్థి నిరుటి సీనియర్ దగ్గర రికార్డు తెచ్చుకుని, ఎడమ పేజీలో పెన్సిలుతో కెమెరా బొమ్మ గీసి భాగాలు గుర్తించాలి. కుడి పేజీలో ఉద్దేశము, కావలసిన పరికరములు, ప్రయోగ విధానము, జాగ్రత్తలు అన్న వరుసలో రాయాలి. రికార్డుకు బ్రౌన్ అట్ట వేసి ఉండటం తప్పనిసరి. విద్యార్థి కెమెరాను ముట్టుకోవలసిన అవసరం ఏ దశలోనూ రాదు.

ఉపాధ్యాయుల శిక్షణకు కూడా ఖర్చేమీ కాదు. పుణెలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటు, ఫిల్మ్ ఆర్కైవు కలిసి సినిమాను ఆస్వాదించడం నేర్పడానికి నెల రోజుల పాటు పొద్దస్తమానం సినిమాలు వేసి చర్చలు పెట్టేవారు. అంత తీరిక మనకు లేదు. మండల కేంద్రంలో మూడు రోజులు కూర్చోబెట్టి, ఉదయం ఒక సంతకం, సాయంత్రం ఒక సంతకం, నడుమ టీ, సమోసా ఇస్తే సరిపోతుంది.

ఈ ప్రతిపాదనను కాగితం మీదనే వదిలేయకుండా, ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో ప్రయోగాత్మకంగా నడుస్తున్న తరగతికి వెళ్లి చూశాను. పాఠం చెబుతున్నది సోషల్ సారు. ఆరోజు అంశం లో యాంగిల్ షాటు. తెలిసినవారు చెప్పండని ఆయన అడగగానే వెనక బెంచీ కుర్రవాడు లేచాడు. "హీరో ఎంట్రీలో పెడతారు సార్. ముందు కారు తలుపు తెరుచుకుంటుంది, బూటు నేల మీద పడుతుంది, కెమెరా ఆ బూటు పక్కనే నేల మీద ఉంటుంది. మనం ఆయన కాళ్ల దగ్గర ఉన్నట్టు అనిపించాలి కదా సార్. తర్వాత చేతి కడియం. తర్వాత రౌడీల ముఖాలు ఒక్కొక్కటీ దగ్గరగా చూపిస్తారు. వాళ్లు భయపడ్డాక గానీ హీరో ముఖం చూపించరు. ముందే చూపిస్తే విజిల్స్ అప్పుడే అయిపోతాయి, ఫైటుకు మిగలవు," అన్నాడు. తరగతి అంతా చప్పట్లు కొట్టింది. ఈ మాటలు ఎవరూ నేర్పకుండానే వాడికి వచ్చాయంటే జబ్బు ఎముకల దాకా దిగిందని అర్థం. సారు మాత్రం తొణకలేదు. "నిర్వచనం చెప్పు," అన్నారు. కుర్రవాడు నీళ్లు నమిలాడు. సున్నా వేసి కూర్చోమన్నారు. ఆ తర్వాత గంటంతా వాడు నోరు విప్పలేదు. మొదటి డోసుకే ఇంత గుణం కనిపించడం నన్ను అబ్బురపరిచింది.

వాచకంగా మాయాబజార్‌ను ఎంచుకున్నారు. 1957 నాటిది కాబట్టి అభిమాన సంఘాల గొడవ ఉండదని యాజమాన్యం భావించింది. దాని బిట్ బ్యాంకు చూశాను. మాయాబజార్‌లో వెన్నెలను సృష్టించినవారు ఎవరు? ఎ) చంద్రుడు, బి) మార్కస్ బార్ట్‌లీ, సి) కె.వి.రెడ్డి, డి) పైవారెవరూ కారు. సరైన జవాబు బి, ఆ సినిమా ఛాయాగ్రాహకుడు. దానిని దిద్దడానికి అరక్షణం చాలు. ఆ వెన్నెల ఎలా ఉందన్న ప్రశ్నకు బిట్ లేదు. ఉండకూడదు కూడా, ఎందుకంటే ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటే మార్కులు ఎలా వేస్తారు?

శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు ఉండే ఘట్టాన్ని తెర మీద వేశారు. సావిత్రి అడుగు వేసే తీరులో, భుజం ఎగరేసే తీరులో, కనుబొమల బిగింపులో లోపల ఎస్వీ రంగారావు ఉన్నాడని ఏ ట్రిక్ షాటూ లేకుండా తెలిసిపోతుంది. సుశీల పాటలోకి ఘంటసాల గొంతు దూరే చోట పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. అక్కడ సారు సమయస్ఫూర్తితో పాజ్ నొక్కారు. ఇది ఏ షాటో రాసుకోండి, మీడియమా, క్లోజప్పా? మళ్లీ వేశారు, మళ్లీ ఆపారు. లైటు ఎటువైపు నుంచి పడుతున్నది? మళ్లీ వేశారు, మళ్లీ ఆపారు. కట్ ఎన్నో సెకనులో వచ్చింది? ఆరోసారి వేసేసరికి తరగతిలో ఒక్కరూ నవ్వలేదు. అరవై ఏళ్లకు పైగా తెలుగువాళ్లను నవ్విస్తున్న సావిత్రిని నలభై నిమిషాల పీరియడ్‌లో నిలువరించగలగడం మన బోధనా పద్ధతికే సాధ్యం.

సినిమా రకాల పాఠం ఇంకా సులువు. పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం అని నాలుగు గళ్ల పట్టిక గీసి, ప్రతి సినిమానూ ఒక గడిలో వేయాలి. ఫ్యాక్షన్ సినిమాలను చారిత్రకంలో వేయాలా, సాంఘికంలో వేయాలా అన్నది కమిటీ పరిశీలనలో ఉంది. ఒక అబ్బాయి మాత్రం, శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు కదా, మరి మాయాబజార్ జానపదం కూడా అవుతుందా అని పరీక్షలో రెండు గడులలో రాశాడు. వాడికి సగం మార్కు తగ్గించి, రెండు గడులు వాడరాదని ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్రసిరాతో రాశారు.

కులెషోవ్ ప్రయోగాన్ని మాత్రం సిలబస్ నుంచి తొలగించాలని నా గట్టి సిఫారసు. సుమారు వందేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ అనే ఆ సినిమా దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని, అదే ముఖాన్ని, ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి అమ్మాయి పక్కన అతికించి చూపితే, జనం ఆ ముఖంలో ఆకలిని, దుఃఖాన్ని, కోరికను చూశారట. ఈ పాఠం అయిన మర్నాడే తొమ్మిదో తరగతి పిల్లలు యాన్యువల్ డే వీడియోలోంచి ప్రిన్సిపాల్ గారి ముఖం ఒకటి కత్తిరించి, ఫీజు కౌంటరు ముందు క్యూ పక్కన ఒకసారి, ఫెయిలైనవారి జాబితా పక్కన ఒకసారి, తనిఖీకి వచ్చిన అధికారి కారు పక్కన ఒకసారి అతికించి వాట్సాప్‌లో పంచుకున్నారు. మూడు చోట్లా ముఖం ఒకటే. కానీ చూసినవారందరికీ మూడు రకాలుగా అర్థమైందన్నది విచారణలో తేలిన విషయం. విద్యార్థులు పాఠాన్ని అర్థం చేసుకుంటే ఎటువంటి ప్రమాదాలు వస్తాయో దీన్ని బట్టి గ్రహించాలి.

మరో చిక్కు కూడా నా దృష్టికి వచ్చింది. ముందు బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి, నిర్వచనాలన్నీ వరుస తప్పకుండా అప్పజెప్పే పిల్ల, పాఠం అయిపోయాక చెయ్యెత్తి, "సార్, అభిమన్యుడి పెళ్లి ఆగిపోవడానికి కారణం పాండవులు రాజ్యం పోగొట్టుకోవడమే కదా, మరి సినిమా మొత్తంలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరేం?" అని అడిగింది. సారు గైడు తిరగేశారు, బిట్ బ్యాంకు తిరగేశారు, ఇది ఇంపార్టెంట్ ప్రశ్న కాదని తేల్చారు. అంతటితో పోయి ఉంటే బాగుండేది. కానీ మధ్యాహ్నం స్టాఫ్‌రూములో సోషల్ సారు ఆ ప్రశ్న ఎత్తారట. లెక్కల మాస్టారు, తెలుగు టీచరు, ఆయన ముగ్గురూ క్యారియర్ల మూతలు తీసి పెట్టుకుని, అన్నం కలపకుండా, పాండవులను చూపిస్తే కథ ఎవరిదైపోతుంది, చూపించకపోతే కృష్ణుడికి ఎంత చోటు దొరుకుతుంది అని బెల్లు కొట్టాక కూడా వాదించుకున్నారట. రెండు తరగతులకు టీచర్లు వెళ్లలేదు. ఆ ముగ్గురి చేతా సంజాయిషీ రాయించుకుని, వచ్చే పరీక్షలలో ఇన్విజిలేషన్ డ్యూటీలు రెట్టింపు వేయాలని, ఆ అమ్మాయిని ఒలింపియాడ్ బ్యాచ్‌కు మార్చాలని యాజమాన్యానికి సూచించి వచ్చాను.